ఐదో గొంతు

సూర్యాపేట,
జూలై.

స్వరూపా,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. నాగమణక్కకి చేస్తే "మా చెల్లె పడుకుంది గౌరీ" అంటుంది. పొద్దున చేసినా పడుకుందే, సాయంత్రం చేసినా పడుకుందే. అక్కకి అబద్ధం చెప్పడం రాదని మన హాస్టల్ రోజుల నుంచి నాకు తెలుసు. అందుకే కాగితం తీశాను. ఫోన్ అయితే కట్ చేస్తావు, ఉత్తరాన్ని ఏం చేస్తావో చూస్తా.

ఆపరేషన్ మంచిగా అయిందట కదా. థైరాయిడ్ గడ్డ తీసేశారు, అది చెడ్డది కాదు, ఇగ మాత్రలు వేసుకుంటే చాలని అక్కే చెప్పింది. మరి నా మీద కోపమెందుకు? ఆ రోజు దవాఖానకు రాలేదనైతే తిట్టు, పడతాను. బడి తెరిచిన వారం, వార్డెన్ సెలవులో ఉంది. అంతమంది ఆడపిల్లల్ని హాస్టల్లో వదిలేసి ఎట్లా వస్తానే?

సరే, అసలు సంగతి. తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నాను. హార్మోనియం మీద 'స' నొక్కి, అదే 'స' నా బొంగురు గొంతుతో పాడి, రెండూ ఒకే స్వరమని చెప్పాను. నీరజ అని మాడుగులపల్లి పిల్ల లేచింది. "మేడం, రెండూ ఒకటే అంటున్నరు. ఒకటే అయితే కండ్లు మూసుకున్నా ఏది పెట్టెదో, ఏది మీదో ఎట్ల తెలుస్తది?" అంది. పుస్తకంలో దీనికి జవాబు ఒక్క మాట, నాణ్యత. వడ్లకీ పత్తికీ చెప్పే మాటలాగా ఉంది. నీరజ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.

జిల్లా సైన్స్ ప్రదర్శనకు ఇదే తీసుకుపోదామని క్లాసంతా తీర్మానం చేసింది. ప్రిన్సిపాల్ మేడం నీళ్లు వడకట్టే నమూనా చేయమన్నారు. ప్రతి ఏడూ ప్రతి బడీ అదే చేస్తుంది, మేం మాత్రం చెయ్యమని చెప్పేశాను. మొండిదాన్ని కదా.

ఇప్పుడు నాకు శబ్దాలు కావాలి. స్వరం ఒకటే ఉండాలి, పలికేవి వేరుగా ఉండాలి. మీ చర్చిలో గంట ఉంది, మూలన పాత హార్మోనియం ఉంది, జాన్ వాయించే కీబోర్డు ఉంది. అన్నిటికన్నా ముందు నీ గొంతు ఉంది. కోలుకున్నాక రికార్డు చేసి పంపు. పంపకపోతే బస్సెక్కి వస్తా.

గౌరి


మిర్యాలగూడ,
ఆగస్టు.

గౌరీ, వందనాలు.

కోపం కాదే. నీ ఉత్తరం చదివి అక్క నవ్వింది, అబద్ధం దొరికిపోయినందుకు.

నిజం రాస్తాను. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం నా గొంతు. కట్టు విప్పాక మొదటిసారి "అక్కా, నీళ్లు" అన్నాను. ఎవరో మగమనిషి నా పక్కన నిలబడి అన్నట్టుంది. తిరిగి చూశాను కూడా. డాక్టరమ్మ పరీక్ష చేసి, స్వర తంత్రులకు ఏం కాలేదు, నరం అలిసింది, మెల్లగా సర్దుకుంటుంది అన్నారు. పాత గొంతే వస్తుందా అని అడిగితే మాత్రం మాట ఇవ్వలేదు. ఇప్పటికీ బరువుగా, గరుగ్గా ఉంది. మొన్న పాలు పోసే బాలనర్సమ్మ గేటు దగ్గర కేకేస్తే లోపలి నుంచి "వస్తున్నా" అన్నాను. "సార్, గిన్నె బయట పెట్టున్రి" అంది. అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చాను.

హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా "పాడవే" అని నా దుప్పటి లాగేదానివి. ఆ గొంతు నీ చెవిలో భద్రంగా ఉంది కదా. దాని మీద ఈ గొంతు పడకూడదనుకున్నాను. అందుకే ఎత్తలేదు.

నా దిగులు ఒక్కటే. నవంబరులో మా చర్చిలో కోత పండుగ వస్తుంది. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. ఆ రోజు మొదటి పాట ఎత్తుకునేది మా ఇంటివాళ్లే. మా నాన్న సోమయ్య గంట కొట్టేవాడు, అమ్మ పాట ఎత్తుకునేది. అమ్మ పోయాక నేను. గంట ఆగగానే, ఏ వాయిద్యమూ లేకుండా, పల్లవి ఒక్కదాన్నే పాడాలి. రెండోసారికి కీబోర్డు, తబలా, జనం అంతా కలుస్తారు. ఆ ఒక్క పల్లవి కోసమే ఏడాదంతా ఎదురుచూస్తాను, నీకు ఎప్పుడూ చెప్పలేదు గాని. ఈసారి పాడగలనో లేదో తెలియదు.

వచ్చే వారం కోదాడ, మా ఇంటికి వెళ్తాను. ఆదివారం ఆరాధనలో ఒక పాట పాడి చూస్తాను. గంటా హార్మోనియం శబ్దాలు పంపుతాను. నా గొంతు మాత్రం అడగకు.

స్వరూప


సూర్యాపేట,
ఆగస్టు.

ఒసేయ్ పిచ్చిదానా,

గొంతు మారితే నాకు వినిపించకుండా దాచుకుంటావా? జుట్టు నెరిసిందని ముఖం చాటేస్తారా ఎవరన్నా? చాలా కోపంగా ఉంది. కోపం తగ్గాక పాఠం చెప్తా, చదువు.

నువ్వు 'స' అన్నప్పుడు గొంతులో తంత్రులు సెకనుకు ఇన్నిసార్లు అని ఊగుతాయి. అది అసలు స్వరం. అయితే అదొక్కటే ఊగదు. దానికి రెండింతల వేగంతో ఇంకోటి, మూడింతలతో ఇంకోటి, నాలుగింతలతో మరోటి, సన్నసన్నగా దాని వెంటే ఊగుతుంటాయి. మన చెవికి అవి విడిగా వినపడవు, అన్నీ కలిసి ఒకే శబ్దంగా వినపడతాయి. ఏది ఎంత పాలు కలిసిందన్నదే తేడా. పప్పు ఒకటే అనుకో. మా అమ్మ పుష్పాబాయి ఎల్లిపాయ దంచి పోపు పెడుతుంది, మీ అమ్మ కరివేపాకూ ఎండు మిరపకాయా వేసేది. ముద్ద నోట్లో పెట్టగానే ఎవరింటిదో తెలుస్తుంది. పప్పు మాత్రం పప్పే. హార్మోనియానికి దాని పోపు, పిల్లనగ్రోవికి దాని పోపు. గంట పోపు కొంచెం తిక్కది, దాని పై ఊపులు రెండింతలు మూడింతలు అని వరసలో ఉండవు, అందుకే గంట గంటలాగా మోగుతుంది.

మనిషి గొంతులో పోపు పెట్టేది తంత్రులు కలిసే తీరు, నోటి లోపలి ఆకారం. నీ తంత్రులు ఇప్పుడు కొంచెం మెత్తగా కలుస్తున్నాయేమో. పైవి తగ్గి ఉంటాయి, అందుకే బరువుగా ఉంది. మారింది పోపే స్వరూపా, పప్పు చెడలేదు.

ఇది ఓదార్పు కాదు, ఫిజిక్స్. పిల్లలు ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నారు. పాడితే అసలు స్వరం ఎక్కడుందో గీత గీసి చూపిస్తుంది. స్టీలు పళ్లెం, గాజు సీసా, నంగారా డోలు, ఒకదాన్నీ వదలడం లేదు. స్టాఫ్ రూములో తిరుపతి సార్ తుమ్మినా దానికీ గీత చూస్తున్నారు. మనిషి పరేషాన్ అయిపోయాడు.

ఆదివారం ఏమైందో రాయి.

గౌరి


కోదాడ,
సెప్టెంబరు.

గౌరీ,

పాడాను. అయిపోయింది.

గంట ఆగింది. పల్లవి ఎత్తుకున్నాను. గరుగ్గా వచ్చింది, అయినా వచ్చింది. లోపల కొంచెం ధైర్యం కూడా కలిగింది. రెండోసారికి జాన్ కీబోర్డు కలిపాడు. అంతే, చెవిలో ముల్లు గుచ్చినట్టయింది. నా స్వరం ఒక చోట, కీబోర్డు ఇంకో చోట. ముందు వరసలో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కీబోర్డును పట్టుకుందామని చూశాను, గొంతు తొణికింది, ఆపేశాను. వెనక నుంచి మా పాటల గుంపులోని సుకన్య అందుకుని పాట పూర్తి చేసింది. నేను పోయి తలుపు దగ్గర చాప మీద కూర్చున్నాను.

ఎవరూ తప్పు పట్టలేదు. అందరూ మంచివాళ్లు, అదే నాకు కష్టంగా ఉంది. సుగుణమ్మత్త చేయి పట్టుకుని "శ్రుతి జారింది లేమ్మా, ఆపరేషన్ అంటే మాటలా" అంది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి లారీ తోలుకుని మా ఆయన వచ్చి, విషయం తెలిసి, ఆ పూట లారీ కడగడానికి కూడా పోకుండా నా పక్కనే కూర్చున్నాడు. నువ్వు చెప్పిన పప్పు కూడా చెడిపోయింది గౌరీ. పోపు ఒక్కటే కాదు.

చెవి కూడా పోయిందేమో అనిపిస్తోంది. ఆ తర్వాత వారం వెనక కూర్చుని వింటుంటే గంటకీ, సుకన్య పాటకీ పొసగనట్టు వినిపించింది. అందరికీ బాగానే ఉంది, నాకే. ఆపరేషన్ గొంతుకే చేశారా, చెవికి కూడా చేశారా?

నీ పిల్లలకి మాటిచ్చాను కాబట్టి ఐదు శబ్దాలు ఫోన్‌కి పంపాను. మొదటిది మా గంట. రెండోది పాత హార్మోనియం, ఐదు శ్రుతి 'స'. మూడోది జాన్ కీబోర్డు మీద అదే మీట, నాలుగోది సుకన్య పాడిన 'స'. ఆ రెండూ జాన్ తన ఫోన్లో తీసి ఇచ్చాడు, నేను విననైనా వినలేదు. ఐదోది మా చర్చికి వచ్చే ఒకామె. పేరెందుకులే, పిల్లలకి కావలసింది గొంతే కదా.

స్వరూప


సూర్యాపేట,
అక్టోబరు.

స్వరూపా, స్వరూపా,

మా పిల్లలు బంగారమే! ఏం చేశారో విను.

నీ ఐదు శబ్దాల్లో ప్రతిదానికీ మొదలు కొంచెం, చివర కొంచెం కత్తిరించి, నడుమ ముక్క మాత్రం ఉంచారు. ఏది ఏదో చెప్పమని టీచర్లందరినీ వరసగా కూర్చోబెట్టారు. నేనూ కూర్చున్నాను. నవ్వకు, గంట నడుమ ముక్క విని ప్రిన్సిపాల్ మేడం హార్మోనియం అన్నారు. కీబోర్డుని తిరుపతి సార్ పిల్లనగ్రోవి అని పందెం కాశాడు. పోపు ఎంత ముఖ్యమో, శబ్దం మొదలయ్యే తీరు కూడా అంతే ముఖ్యమట. గంటకి దెబ్బ, హార్మోనియానికి గాలి ఉబ్బు, వేణువుకి ఊదిన బుస, వీటిని తీసేస్తే చెవి తికమక పడుతుంది. నా పాఠంలో ఈ ముక్క లేదు. పిల్లలు నాకంటే ముందుకు పోయారు. ఇగ నీళ్లు వడకట్టేవాళ్లు మా దరిదాపులకు రారు.

ఇంకో విచిత్రం. ఐదు ముక్కల్లో ఏది అన్నిటికన్నా కింది స్వరంలో ఉంది అని అడిగితే, అందరం ఒక్క నోటితో ఐదో ఆమెదే అన్నాం. యాప్ పెట్టి చూస్తే తలకిందులు. గంట, హార్మోనియం, ఆ ఐదో ఆమె, మూడూ వెంట్రుక వాసి తేడా లేకుండా ఒకే గీత మీద ఉన్నాయి. కిందికి ఉన్నది కీబోర్డూ సుకన్యా. సరిగ్గా ఒక మెట్టు కింద. బరువైన గొంతు కిందికి దిగినట్టు వినపడుతుంది గాని, దిగి ఉండదన్నమాట. మీ జాన్‌కి చెప్పు, కీబోర్డు ఒకసారి చూసుకోమని.

అన్నట్టు ఆ ఐదో ఆమె ఎవరే? ఆ ముక్క పెట్టగానే క్లాసంతా చప్పుడు చేయకుండా కూర్చుంది. వయసులో పెద్దామెలాగా ఉంది, చాలా చూసిన మనిషి గొంతు. ఆమె ముందు సుకన్యది నీళ్ల మజ్జిగ. నీకు బదులు కోత పండుగకి ఆమె చేత ఎందుకు పాడించకూడదు? ఇంకొంచెం పాడించి పంపు, పిల్లలు అడుగుతున్నారు.

గౌరి


కోదాడ,
అక్టోబరు.

గౌరీ,

ఐదోది నేనే.

ఒక్క పిచ్చి ఆశతో పంపాను. లోకమంతా గుర్తుపట్టకపోయినా నువ్వు పట్టేస్తావనుకున్నాను. పాలామె సార్ అంటే నవ్వుకున్నాను. నువ్వు "ఎవరే ఆమె" అని అడిగితే నవ్వు రాలేదు.

మెట్టు సంగతి, గీత సంగతి నాకు పట్టలేదు. మా పాస్టరు అయ్యగారికి చెప్పేశాను, పండుగకి సుకన్యే ఎత్తుకుంటుంది. కొన్నాళ్లు రాయకు.

స్వరూప


మోతె దగ్గర మా తండా,
అక్టోబరు.

స్వరూపా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చింపే ముందు చివరి దాకా చదువు, ఒట్టు.

నీ ఉత్తరం బడిలో అందింది. చదివి, అరపూట సెలవు పెట్టి, బస్సెక్కి మా ఇంటికి వచ్చాను. ఎందుకంటే నాకు ఏడుపొస్తే అమ్మ దగ్గరికే రావాలి. అమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని ఫోన్ తీసి, నువ్వు పంపిన ఐదో శబ్దం పెట్టాను. పిల్లలు కత్తిరించింది కాదు. నువ్వు పంపింది పంపినట్టు, మొదటి నుంచి. స్వరూపా, నేను దాన్ని అంతవరకు వినలేదు. నా ఫోన్ నుంచి పిల్లలే ఎక్కించుకున్నారు, నేను విన్నది నడుమ ముక్కే.

అమ్మ తల ఎత్తలేదు, చేతిలో పని ఆపలేదు. నువ్వు ఇంకా 'స' దాకా రానేలేదు. మా లంబాడీ భాషలో "స్వరూప వచ్చిందా, ఏది?" అని అప్పుడు తలెత్తి దారి వైపు చూసింది.

ఎట్లా తెలుసమ్మా అన్నాను. "మూతి మూసుకుని మూలుగుతది గదా ముందు, దూడను పిలిచినట్టు" అంది. అవునే! నువ్వు ఏ పాటైనా ముందు నోరు మూసుకుని సన్నగా "మ్" అని, ఆ తర్వాతే నోరు తెరుస్తావు. తీజ్ పండుగకి మా తండాకి వచ్చినప్పుడు ఆడపిల్లలందరూ దాన్ని వెక్కిరించేవాళ్లు. నీ గొంతు ఎంత మారినా ఆ మొదలు మారలేదు. మా పిల్లలు కత్తెర వేసి తీసేసింది సరిగ్గా దాన్నే. నిన్ను నేను గుర్తుపట్టలేదనకు, నీ మొదలు నా చెవిన పడలేదు. పడి ఉంటే అమ్మకంటే ముందు నేనే కేకేసేదాన్ని. పెద్దామె అన్నందుకు రెండు చెంపలూ వాయించు, వచ్చి నిలబడతా.

ఇప్పుడు ఏడుపు ఆపి బుర్ర పెట్టు. ఐదో ఆమె నువ్వైతే, గంట మీద, హార్మోనియం మీద వెంట్రుక వాసి తప్పకుండా నిలబడింది నువ్వు. ఒక మెట్టు దిగింది కీబోర్డు. అట్లాంటప్పుడు ఆ ఆదివారం శ్రుతి జారింది ఎవరిది? నీది కాదే! గంటకీ పాటకీ పొసగలేదని నీకు అనిపించింది కూడా నిజమే. నీ చెవి బంగారంలాగా ఉంది. గొంతు బరువైంది కాబట్టి కిందికి జారిందని అందరూ అనుకున్నారు, మా టీచర్లందరూ అనుకున్నట్టే. నువ్వు కూడా నమ్మేశావు.

పోయి జాన్‌ని అడుగు. ఇవాళే అడుగు. నువ్వు అడగకపోతే మా తొమ్మిదో తరగతి మొత్తాన్ని బస్సెక్కించి తీసుకొస్తా.

గౌరి


కోదాడ,
నవంబరు.

గౌరీ,

ముందుగా పుష్పమ్మకి నా వందనాలు చెప్పు. ఆ ముక్క వాకిట్లోనే నిలబడి రెండుసార్లు చదివాను. నీ మీద కోపం పోయింది. చెంపలు మాత్రం వాయిస్తాను, రా.

అడిగాను. జాన్ తలుపులు తీసి చర్చి ఊడుస్తున్నాడు. ఏమీ చెప్పకుండా పోయి గంట తాడు ఒక్కసారి లాగాను. అది మోగుతుండగా కీబోర్డు స్విచ్ వేసి 'స' నొక్కాను. చీపురు పట్టుకుని జాన్ అట్లాగే నిలబడ్డాడు. ఒక గంటా ఒక మీటా చాలు, ఎవరికైనా తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ ఆ రెండిటినీ కలిపి వినలేదు, ఎందుకంటే గంట ఆగాకే కదా పాట.

"అక్కా, నేనే దించిన" అన్నాడు. నేను మిర్యాలగూడ నుంచి వచ్చే ముందు, నా గొంతు బరువైందని విని, మీటలన్నిటి స్వరాన్నీ ఒకేసారి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఒక్క మెట్టు కిందికి పెట్టాడట. "ఒక్క మెట్టే గదా, ఎవలకు తెల్వది, నీకు సులువైతదనుకున్న." చెబితే నేను బాధపడతానని చెప్పలేదు. ఆ ఆదివారం నేను తప్పిపోయేసరికి, దించినా అందుకోలేకపోయింది పాపం అనుకున్నాడు. సుకన్యకు అక్కడే సులువుగా ఉందని అట్లాగే వదిలేశాడు.

అతనికి తెలియంది ఒకటుంది. అసలు ఎవరికీ తెలియదు. ఆరాధనకు ముందు అతను మెల్లగా వాయిస్తుంటాడు, నేను శ్రుతి అక్కడి నుంచే తీసుకుంటానని అనుకున్నాడు. నేను తీసుకునేది గంట నుంచి. చిన్నప్పుడు నాన్న నన్ను గంట కింద నిలబెట్టి, "కొట్టిన దెబ్బ వినకు బిడ్డా, ఆగినంక చెవుల మిగిలేది విను. దానితోని మూలుగు. కలిసినంక నోరు తెరువు" అనేవాడు. మీ అమ్మ దూడను పిలిచినట్టు అన్నది అదే గౌరీ. అమ్మ అట్లాగే పాడేది, నేను అట్లాగే పాడాను. పాత హార్మోనియం ఐదు శ్రుతి గంటతో కలుస్తుంది, కీబోర్డూ ఎప్పుడూ అక్కడే ఉండేది. అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు. కీబోర్డు దిగింది. గంట దిగలేదు. నేనూ దిగలేదు.

జాన్‌ని తిట్టబోయి ఆగాను. నా మీద ప్రేమతోనే నన్ను ముంచాడు. "ఇగ నువ్వే ఎత్తుకోవాలక్కా" అని ఆ పిల్లాడు ఏడుస్తుంటే, ఈ గరుకు గొంతుతో నేనే ఊరుకోబెట్టాను. కీబోర్డు శ్రుతిని మళ్లీ పైకి జరిపించాను. సుకన్య వచ్చి విని, "అమ్మయ్య, పండుగ రోజు పాడాలంటేనే భయపడి చస్తున్నాను" అంది. అయ్యగారు ఒక్కటే అడిగారు, "నీకు ధైర్యం ఉందా అమ్మా?" అని. ఉందన్నాను. ఉందో లేదో నాకే తెలియదు. స్వరం నాదే అని తెలిసింది. ఈ గొంతు నాదని ఇంకా అనిపించడం లేదు. ఆ జనం ముందు అది వినపడితే ఏమనుకుంటారో అని భయంగా ఉంది.

వస్తావా?

స్వరూప


సూర్యాపేట,
నవంబరు.

స్వరూపా,

రాలేనే. జిల్లా ప్రదర్శన చివరి రోజూ ఆ ఆదివారమే, బహుమతులూ ఆ రోజే. పిల్లల్ని వదిలి రాలేను. ఏడ్చినంత పని చేశాను, ఆ తర్వాత జాన్‌ని నాలుగు తిట్టుకుని ఊరటపడ్డాను.

నీ గొంతు మా బల్ల మీద ఉంటుంది. ఈసారి కత్తెర లేకుండా పెడుతున్నాం, పక్కన కత్తిరించింది కూడా. చూడ్డానికి వచ్చినవాళ్లు రెండూ వినాలి. కింద పేరు రాయమని నీరజ అడిగింది. "స్వరూప, కోదాడ" అని పెద్దక్షరాలతో రాయించాను. ఒకామె అని రాయించుకునే రోజులు ఖతం.

జనం ఏమనుకుంటారని భయపడకు. ఆ ముక్క విని మా క్లాసు ఎట్లా కూర్చుందో ముందే రాశాను కదా. అప్పుడు అది నీదని నాకు తెలియదు, మొహమాటానికి పొగడలేదు. నీ స్నేహితురాలిగా కాదు, ఏమీ తెలియని మనిషిగా విని చెప్పాను. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

గంట విను. మూలుగు. నోరు తెరువు.

గౌరి


కోదాడ,
నవంబరు.

గౌరీ,

ఇంకా పండుగ చీర విప్పలేదు, రాయడానికి కూర్చున్నాను.

చర్చి నిండిపోయింది. బయట షామియానా కింద కూడా జనమే. బలిపీఠం ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, ఎవరో తెచ్చిన కోడిపుంజు కాళ్లు కట్టేసినా కూస్తూనే ఉంది. అయ్యగారే గంట తాడు లాగారు. దెబ్బ అయిపోయింది. చెవిలో మిగిలినదాన్ని పట్టుకుని మూలిగాను. కలిసింది. నోరు తెరిచాను.

గౌరీ, అది అమ్మ గొంతు కాదు, నా పాత గొంతూ కాదు. పాతది పైపైన మెరిసేది, ఇది నేల మీద నడిచింది. పల్లవి నడుమకు వచ్చేసరికి కోడిపుంజు కూడా ఊరుకుంది. అప్పుడు అనిపించింది, ఇది నాదే అని. ఎవరో మగమనిషి పక్కన లేడు, నేనే ఉన్నాను.

పల్లవి అయింది. రెండోసారికి కీబోర్డు కలవాలి. కలవలేదు. తబలా లేవలేదు. జనం నోరు తెరవలేదు. మళ్లీ తప్పానా అని జాన్ వైపు చూశాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ల నిండా నీళ్లు. వేళ్లతో "పాడక్కా" అన్నట్టు సైగ చేశాడు. ముందు వరసలో సుగుణమ్మత్త పైకే అనేసింది, "ఎవలూ కలవకున్రి, బిడ్డను ఇంకోసారి పాడనియ్యున్రి."

మా చర్చిలో అట్లా ఎన్నడూ జరగలేదు. అమ్మకి కూడా జరగలేదు. రెండోసారీ ఒక్కదాన్నే పాడాను. మూడోసారికి కీబోర్డు వచ్చి నా స్వరం పక్కన నిలబడింది, ఇసుమంత సందు లేకుండా. ఆ తర్వాత జనమంతా ఒక్కసారి ఎత్తుకున్నారు. ముసలివాళ్లు, పిల్లలు, బొంగురు గొంతులు, కీచు గొంతులు, షామియానా కిందివాళ్లు, ఎవరి పోపు వాళ్లది. మా ఆయన ఎప్పుడూ పాడడు, ఆయన కూడా పాడాడు. అన్ని గొంతులూ ఒకే స్వరం మీద నిలబడితే ఇంత బలంగా ఉంటుందని ఇన్నేళ్లలో నాకు ఇవాళే తెలిసింది. గెలిచాను గౌరీ. సిగ్గు లేకుండా రాస్తున్నాను, గెలిచాను.

నీ పిల్లలకి మొదటి బహుమతి వచ్చిందని నువ్వు పెట్టిన మెసేజ్‌ని నాగమణక్క ఇప్పుడే నాకు పంపింది, ఫోటోలో నీ ముఖం వెడల్పు చూసి నవ్వుకున్నాను. నీరజకి నా ముద్దులు. అక్క పండుగకి వచ్చి పోతూ పోతూ, వచ్చే నెల మిర్యాలగూడకి రమ్మంది. వెళ్తాను. బాలనర్సమ్మ మళ్లీ సార్ అంటే, గిన్నె తీసుకుని నేనే గేటు దగ్గరికి పోతా.

ఇక ఉత్తరాలు చాలు. ఇది అందగానే ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతా. ముందు "మ్" అని వినపడుతుంది, ఆ తర్వాత "హలో".

నీ
స్వరూప